లేని కోట చరిత్ర మనకేల?

చరిత్రపాఠము జరుగుచుండగా విద్యార్థులు తఱచుగా వేయు ప్రశ్న యొకటి కలదు. “మాస్టరుగారూ, ఆ కోట యిప్పు డున్నదా?” అని వారడుగుదురు. ఉన్నదని చెప్పినచో కన్నులు విప్పి విందురు. లేదని చెప్పినచో వారి మనస్సు కిటికీ వెలుపలికి పోవును. కంటి కగపడుదానికే చరిత్ర గలదనియు, అగపడనిదానిని గూర్చి తెలిసికొనుట పరీక్షకొఱకేగాని బ్రదుకుకొఱకు కాదనియు వారి యభిప్రాయము. ఇరువది యేండ్లుగా ఈ వృత్తిలో నున్న నాకు, ఈ యభిప్రాయము పిల్లలది మాత్రమే కాదని తెలిసినది. పెద్దలలోను, ఉపాధ్యాయులలోను గూడ ఇది వేరూనియున్నది. ఇది తప్పని నా మనవి. నిలిచియున్న కోటకన్న కూలిపోయిన కోటయే యొక్కొక్కప్పుడు మంచి గురువని చూపుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇందులకు దృష్టాంతముగా నేను మన దేశపు కోటను గైకొనలేదు. బుద్ధిపూర్వకముగనే గైకొనలేదు. మన కోటలను గూర్చి మాటలాడునపుడు మనలో ననేకులకు అభిమానమో ద్వేషమో ముందుగా కలుగును. విచారణ పిదప వచ్చును. పొరుగూరి పొలముగట్టు తగవులో న్యాయము చెప్పుట సులభము. మన గట్టు దగ్గఱకు వచ్చునప్పటికి చూపు మసకబారును. కావున మన కెట్టి పక్షపాతమును లేని దూరదేశపు పట్టణము నొకదానిని ఎన్నుకొంటిని. అది ఐర్లండులోని ట్రలీ.

ఐర్లండు ద్వీపమునకు నైరృతిమూలనున్న కెర్రీ మండలమునకు ట్రలీ ముఖ్యపట్టణము. 2022వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇచ్చట ఇంచుమించు 26,000 మంది యుండిరి. ఐరిష్ భాషలో ఈ పేరునకు లీ యను ఏటి యొడ్డని యర్థము. ఊరి నడుమ డెన్నీ వీథి యను విశాలమైన వీథి కలదు. గీత గీసినట్లు తిన్నగా నుండు ఈ వీథికి ఇరువైపుల పూర్వకాలపు టిండ్లు వరుసగా నిలిచియున్నవి. వీథి కొనయందు 1928లో కట్టిన ఆష్ స్మారక మందిరమును, అందు మండల ప్రదర్శనశాలయు నున్నవి. చెంతనే పట్టణోద్యానము; అందొక గులాబితోట. ఊరిలో కోటవీథి యను పేరుగల మఱియొక వీథియు నున్నది. కోటవీథి యున్నదిగదా, కోట యెక్కడ నని బాటసారి యడిగినచో, డెన్నీ వీథికి తీసికొనిపోయి, “మీరు నిలిచినచోటనే” యని చెప్పవలసివచ్చును. శతాబ్దములపాటు ఆ ప్రాంతము నేలిన దుర్గము నేలమట్టమై, దాని స్థలమున ఈ వీథి పడినది.

ఆ దుర్గపు కథ సంగ్రహముగా నిది. 1169వ సంవత్సరమున నార్మను యోధులు వేల్సు దేశమునుండి ఓడలలో వచ్చి ఐర్లండులో దిగిరి. వారిలో ఫిట్జ్‌జెరాల్డు వంశమువారు ముఖ్యులు. ఆ వంశీయుడగు జాన్ ఫిట్జ్‌థామస్ కెర్రీలో భూములు సంపాదించెను. ట్రలీ పట్టణము 1216లో పుట్టినదని ఆ యూరివారు లెక్కింతురు. 2016లో ఎనిమిదివందల యేండ్ల పండుగ చేసికొనిరి. 1243లో ఆ ప్రభువే యచ్చట డొమినికను సన్న్యాసులకొక మఠము నేర్పఱచెను. కోట, మఠము, సంత యను మూడును గూడిన చోట ఊరు వెలయుట ఆ కాలపు పద్ధతి. కోట భయము పెట్టెను. మఠము ఊఱట నిచ్చెను. సంత అన్నము పెట్టెను. 1261లో కాలన్ అనుచోట మెక్కార్తీ యను ఐరిష్ తెగవారితో జరిగిన యుద్ధమున జాన్ ప్రభువును, ఆయన కుమారుడు మారిసును ఒక్కనాడే కూలిరి. వారిని ట్రలీ మఠములోనే సమాధి చేసిరి.

ఆ దినమును గూర్చి యొక కథ కలదు. యుద్ధవార్త ట్రలీకి చేరగానే సేవకులందఱు కలవరపడి పరుగులెత్తిరట. ఉయ్యెలలో నున్న పసివాడు థామసు నెవ్వరును తలంపలేదట. అప్పుడొక పెంపుడుకోతి ఆ శిశువు నెత్తుకొని గోపురముమీది కెక్కి, చూచువారి గుండెలు ఝల్లుమనుచుండగా అటునిటు తిరిగి, మరల సురక్షితముగా ఉయ్యెలలో పరుండబెట్టినదట. ఆ శిశువే పెరిగి వంశమును నిలిపెను; ఆయనకు ‘కోతి థామసు’ అను పేరు నిలిచినది. పిల్లలకు ఈ కథ చెప్పినచో ఎట్లు విందురో ఉపాధ్యాయులకు చెప్పనక్కఱలేదు. కాని కథ ముగిసిన పిదప మఱియొక మాటయు చెప్పవలెను. ఇట్టి కథనే కిల్డేరు ఫిట్జ్‌జెరాల్డులును తమ పూర్వుని గూర్చి చెప్పుకొనిరి. వారి కులచిహ్నములో కోతిబొమ్మ గూడ కలదు. రెండు శాఖల శిశువులను రెండు కోతులు గోపురమెక్కించెనా? లేక ఒక కథయే రెండిండ్లలో కాపురము చేసినదా? ఈ ప్రశ్న వేయనేర్చిన విద్యార్థి చరిత్రలో మొదటి మెట్టెక్కినట్లే. కథను పారవేయరాదు; కథను సాక్ష్యమని భ్రమింపను రాదు.

కోతి థామసు కుమారుడగు మారిసు 1329లో డెస్మండు ప్రభువను బిరుదు నొందెను. అటుపైని రెండువందల యేబది యేండ్లు ఆ వంశము ఐర్లండు దక్షిణభాగమున రాజులవలె నేలినది. నార్మనులుగా వచ్చినవారు క్రమముగా ఐరిష్ భాష నేర్చి, ఐరిష్ కవుల నాదరించి, ఆ దేశమువారే యైరి. ఇంగ్లండు రాణి యగు ఎలిజబెత్తు కాలమున రాజశాసనమునకును ఈ ప్రభువుల యధికారమునకును పొసగలేదు. 1579లో హెన్రీ డావెల్స్ అను రాజోద్యోగి ట్రలీలో రాత్రివేళ నిద్రించుచుండగా, డెస్మండు ప్రభువు సోదరుడగు జాన్ ఆయనను చంపించెను. చంపినవాడు చచ్చినవానికి చిరకాల మిత్రుడు. మఱుసటియేడు స్మెర్విక్ అను సముద్రతీరపు కోటలో లొంగిపోయిన ఇంచుమించు 600 మందిని రాణి సైన్యము నఱికివైచెను. ఒకవైపు మిత్రద్రోహము, ఒకవైపు శరణన్నవారి వధ. పాఠము చెప్పువారు ఈ రెంటిలో నొకటి చెప్పి రెండవది మ్రింగినచో అది చరిత్ర కాదు, వకాలతు.

ఆ యుద్ధములో పంటలు తగులబడి మన్‌స్టరు సీమయంతయు కఱవుపాలయ్యెను. ఆంగ్లప్రభుత్వమున నుద్యోగి యగు స్పెన్సరు కవియే ఆ క్షామమును ఒడలు గగుర్పొడుచునట్లు వర్ణించెను. తుదకు 1583 నవంబరులో జెరాల్డు ప్రభువు ట్రలీకి తూర్పుననున్న గ్లానగీంటీ యను కొండలోయలో పట్టుబడి చంపబడెను. పట్టుకొన్నవారు మహాసేనాపతులు కారు. ఆకలిగొన్న ప్రభువు మనుష్యులు ఒక కుటుంబమువారి పశువులను తోలుకొనిపోగా, ఆ పశువులకై జాడపట్టి వచ్చిన మొరియార్టీ యను తెగవారే ఆయనను పట్టిరి. ఆయన శిరస్సును లండనునకు పంపి వంతెనమీద నెత్తి కట్టిరి. లక్షలకొలది యెకరముల భూమికి ఒడయడైనవాడు చివరకు కొన్ని యావులకొఱకు చచ్చెను. సామాన్యుని పాడి యావును ముట్టిన ప్రభుత్వమున కెంత పెద్దకోట యున్నను రక్షణ లేదని ఇందువలన తెలియుచున్నది.

1587లో ట్రలీ కోటయు, దానితో 6,000 ఎకరములును సర్ ఎడ్వర్డు డెన్నీ యను ఆంగ్లేయునికి రాణి యిచ్చెను. ఈతడు స్మెర్విక్‌లో నున్న దళపతులలో నొకడు. ఈతని సమాధి ఇంగ్లండులోని వాల్థం మఠములో రంగులు పూసిన ప్రతిమతో నేటికిని నిలిచియున్నది. ట్రలీ మఠములోని జాన్ ప్రభువు సమాధి మఠముతోగూడ మాసిపోయినది. గెలిచినవాని సమాధి నిలుచుటయు ఓడినవానిది పోవుటయు లోకములో క్రొత్త కాదు.

1613లో ట్రలీకి రాజశాసనముచే పురపాలకసంఘ మేర్పడెను. 1641లో దేశమంతట తిరుగుబాటు చెలరేగగా, 1642లో ఐరిష్ సేనలు ట్రలీ కోటను ముట్టడించి పట్టుకొనెను. ముట్టడించినవారిలో పియరస్ ఫెరిటేర్ అను కవి యుండెను. ఆయన నార్మను వంశమువాడే. కాని ఐరిష్ భాషలో వ్రాసిన ప్రేమపద్యములకు నేటికిని కీర్తి గలవాడు. 1653లో ఆయనను కిల్లార్నీలో ఉరితీసిరి. 1691లో మరల యుద్ధము వచ్చి, విలియము రాజు సైన్యము సమీపించుచుండగా ఎదిరిపక్షమువారు ఊరిని కాల్చిపోయిరి. ఇన్నిమార్లు కాలియు కూలియు డెన్నీ వంశమువారు కోటను మరల నిలిపికొని కాపురముండిరి.

ఇన్ని ముట్టడులకు చావని కోట తుద కెట్లు పోయినది? ఫిరంగులవలన కాదు. అగ్నివలన కాదు. 1826వ సంవత్సర ప్రాంతమున యజమానులైన డెన్నీవారే దానిని పడగొట్టించి, ఆ స్థలమున వీథి తీయించి తమ పేరు పెట్టుకొనిరి. పాతకోటలో కాపురము గిట్టుబాటు కాని కాలము వచ్చినది. ఇండ్లస్థలములకు విలువ హెచ్చినది. అంతే. శత్రువు చేయలేని పనిని లెక్కలపుస్తకము చేసినది. ఈ సంగతి నా విద్యార్థులకు నేను విశేషముగా నొత్తి చెప్పుదును. పూర్వవస్తువులు పోవుట కెల్లప్పుడును పరదేశీయుల దండయాత్రయే కారణమని మనము అనుకొందుము. యజమాని యవసరమును, ఊరివారి యశ్రద్ధయు చేసిన నష్టము దండయాత్రలు చేసిన నష్టమునకు తీసిపోదు.

ఈ డెన్నీ వంశములోనే 1796లో పుట్టి 1831లో ఆస్తికి వచ్చిన మఱియొక సర్ ఎడ్వర్డు డెన్నీ యుండెను. ట్రలీ పట్టణములో పెద్దభాగము ఈయనదే. అయినను ఈయన లండనులో నిరాడంబరముగా జీవించి, శిస్తులు తేలికగా నుంచెనని ఆయనను గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. ఈయన ఆంగ్లమున కీర్తనలు రచించిన భక్తుడు. డబ్లినులో పుట్టిన సహోదరుల సమాజములో చేరినవాడు. ఆ సమాజమువారే 1836లో మన తెలుగుసీమకు బౌడెన్, బీర్ అను నిరువురిని పంపిరి. నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టా మిషను వారివలననే వెలసినది. ఆ విధమున ట్రలీ కోటకును మనకును సన్నని దారమొకటి కలదు. ఒకే కోటగుమ్మమున ఒక శతాబ్దములో కత్తిపట్టిన కవియు, మఱియొక శతాబ్దములో ఆ యింటనే పుట్టిన కీర్తనకారుడును. ఒక్క మాటతో ఆ కోటను మంచిదనియు చెడ్డదనియు ఎట్లు తీర్పు చెప్పగలము?

ఇక నా యభిప్రాయము. ఇట్టి విషయమున రెండు పక్షములవారు లేతురు. “ఆ కోట పీడకుల గృహము, పోవుటయే మేలు, దానిని తలంపనేల?” అని యొక పక్షము. “అయ్యో, అంతటి దుర్గమును పడగొట్టిరే! నిలిపియుంచినచో ఎంత శోభ!” యని రెండవపక్షము. ఇద్దఱి మాటలోను కొంత నిజమున్నది; ఇద్దఱును కోటనే చూచిరి గాని కోటచుట్టు నున్న జనమును చూడలేదు. ఆ గోడకు ఱాళ్లు మోసినవారెవరు? ముట్టడిలో కోటలోపలను వెలుపలను ఆకలితో చచ్చినవారెవరు? 1691లో ఊరు కాలినపుడు గుడిసెలు పోగొట్టుకొన్నవారెవరు? వారి పేర్లు ఏ శాసనములోను లేవు. కోటను మఱచినచో ప్రభువులకు నష్టము లేదు. వారి పేర్లు వంశావళులలో నుండనే యున్నవి. కోటతోగూడ మఱపునబడునది ఈ పేరులేని జనమే. కావున కోటను జ్ఞాపకముంచుకొనుట ప్రభువుల పొగడ్త కాదు, ఈ జనమునకు మనము తీర్పవలసిన ఋణము.

ఈ మాట నాకు పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. మా తాతగారు బాల్యమున ఒక జమీందారుగారి కోటమరమ్మతుకు సున్నము మోసిన కూలివారు. ఆయన ముసలితనమున నన్ను చేయిపట్టుకొని తీసికొనిపోయి, ఆ ప్రాకారములో నొక మూలను చూపి, “ఒరే అబ్బాయీ, ఈ మూల మనదిరా” అని గర్వముగా చెప్పెడివారు. లోపలికి పోవుటకు ఆయనకు సెలవుండెడిది కాదు. ఆ కోట నేడు లేదు. అందలి యిటుకలు ఇండ్లకు పోయినవి. దానిని గూర్చి వ్రాసినచోట్ల జమీందారుల పేర్లు తేదీలతో నున్నవి. మా తాతగారి మూల ఎచ్చటను లేదు. ఆయన బ్రదికియుండగా ఆ సంగతులు వ్రాసికొనకపోతినని నేను పడిన చింత ఇంతంత కాదు. చదువుకొన్నవాడనై యుండియు ఆ పని చేయనైతిని.

ట్రలీవారు తమ వీథిలో చేసిన పని యొకటి నాకు మెచ్చదగినదిగా కనబడుచున్నది. డెన్నీవారి పేరును వీథికి అట్లే యుంచిరి. ఆ వీథిలోనే 1798 నాటి తిరుగుబాటుదారుల జ్ఞాపకార్థము, ఈటె పట్టిన సామాన్యుని విగ్రహమును నిలిపిరి. మొదటి విగ్రహము ధ్వంసము కాగా, ఆల్బర్టు పవర్ అను శిల్పిచే క్రొత్తది చేయించి 1939లో ప్రతిష్ఠించిరి. వీథి కొననున్న మందిరమునకు థామస్ ఆష్ పేరు పెట్టిరి. ఆయన కెర్రీలో పుట్టిన బడిపంతులు. స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలలో నిరాహారదీక్ష పూని 1917లో మరణించెను. భూస్వామి పేరు, ఈటెగాని విగ్రహము, పంతులుగారి మందిరము, ఈ మూడును ఒక్క వీథిలో నున్నవి. పాతపేరును చెఱిపివేయుట సులభము. దాని ప్రక్కన రెండవ సాక్షిని నిలుపుట కష్టము, కాని న్యాయము.

మన పాఠశాలలు చేయదగిన పని యేమి? గొప్ప ఖర్చు లేదు. తొమ్మిదవ తరగతి మొదలు ప్రతి తరగతియు సంవత్సరమున కొకమారు తమ యూరిలో లేకుండపోయిన యొక కట్టడమును గూర్చి విచారింపవలెను. అది కోటయే కానక్కఱలేదు; పూడిన బావి కావచ్చును, పడిపోయిన సత్రము కావచ్చును, పేరుమాత్రము మిగిలిన పేట కావచ్చును. విచారించినదానిని మూడు వరుసలుగా వ్రాయవలెను. కంటితో చూచినది మొదటివరుస. కాగితములలో నున్నది రెండవవరుస. పెద్దలనోట విన్నది మూడవవరుస. కోతి థామసు కథ మూడవవరుసలో నుండును. వీథిపేరు మొదటివరుసలో నుండును. ఒక వరుసలోనిదానిని మఱియొక వరుసలో వ్రాయరాదను నియమ మొక్కటి పాటించినచో చాలును. కూలివారి వృద్ధులను, చాకలి మంగలి వృద్ధులను, ముసలమ్మలను తప్పక అడుగవలెను. మంచి వ్యాసములను మన వార్షికసంచికలో ప్రకటింపవచ్చును.

పరీక్షలకు తీఱిక లేదని కొందఱందురు. పరీక్షకొఱకు చదివిన తేదీలు వేసవిసెలవులతో పోవును. తాతగారినడిగి వ్రాసికొన్నది జన్మాంతము నిలుచును. ఇట్టి పని పాత పగలను రేపునని మఱికొంద ఱందురు. ఈ యాక్షేపణ గట్టిది, త్రోసిపుచ్చరాదు. అయితే పగలను రేపునది సగము తెలిసిన చరిత్రయే. డావెల్స్ హత్యను మాత్రము చెప్పిన పంతులు ఒక పగను పెంచును. స్మెర్విక్ వధను మాత్రము చెప్పినవాడు రెండవ పగను పెంచును. రెంటిని చెప్పినవాని తరగతిలో పిల్లలు తలవంచుకొని ఆలోచింతురు. మా కులము గొప్పది, మా మతము గొప్పది యని చాటుటకు ఈ విచారణ నుపయోగించు వ్యాసమును ఉపాధ్యాయుడు తిరిగి యిచ్చివేయవలెను. ఆ నిర్దాక్షిణ్యము లేనిచో ఈ పనిని ప్రారంభింపకుండుటయే మంచిది.

విద్యార్థులారా! మీరడుగు ప్రశ్నకే మరల వచ్చుచున్నాను. “ఆ కోట యిప్పు డున్నదా?” లేదు నాయనలారా. కాని డెన్నీ వీథిలో నడచువారు దానిమీదనే నడచుచున్నారు. మీరును ప్రతిదినము బడికి వచ్చుచు ఎవరో కట్టిన, ఎవరో కోల్పోయిన దేనిమీదనో నడచుచున్నారు. ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు మీ తాతగారి ప్రక్కన కూర్చుండి, “తాతయ్యా, ఇక్కడ మునుపేముండెడిది?” అని యడుగుడు. పలకమీద కాదు, కాగితముమీద వ్రాసికొనుడు. నేను చేయని పనిని మీరు చేయుడు.